పరీక్ష అయ్యాక చెబుదాం

కామేశ్వరక్కయ్య అబద్ధం ఆడగా నేనెప్పుడూ చూడలేదు. నిజాన్ని నాలుగు రోజులు దాచిపెట్టడం అబద్ధం కంటే పెద్ద తప్పు కావచ్చని ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. 1975 జూన్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఇంగ్లండులోని లీడ్స్‌లో, పులిహోర పళ్ళెం ముందు కూర్చున్న ఇరవై మూడేళ్ళ పిల్ల మాకు ఆ సంగతి తెలియజెప్పింది.

అక్కయ్యది కోనసీమ. భర్త సోమయాజులు గారు ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరు. ఆసుపత్రిలో ఆయన ఊరందరినీ నిద్రపుచ్చేవారు, డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చాక తనే పడి నిద్రపోయేవారు. ఇంట్లో మాట్లాడే మనిషి లేక అక్కయ్య ఎదురింటి ఫ్లాట్‌లో ఉన్న నన్ను పట్టుకుంది. మాది గుంటూరు, మావారు అదే ఆసుపత్రిలో జూనియర్. నా పేరు రాజ్యలక్ష్మి అయినా ఆవిడ నోట ఎప్పుడూ రాజ్యమే.

పెళ్ళికి ముందు అక్కయ్య కాకినాడలో ఆడపిల్లల స్కూల్లో ఇంగ్లీషు చెప్పేది. లీడ్స్ వచ్చాక పదేళ్ళపాటు ఆ ఇంగ్లీషుతో ఆవిడ చేసిన పనల్లా పాలవాడికి చీటీలు రాయడమే. 1974 శీతాకాలంలో ఒకరోజు చర్చి హాలు గుమ్మం మీద నోటీసు కనబడింది. చిలీ దేశంనుంచి వచ్చిన విద్యార్థులకు ఇంగ్లీషు నేర్పేవాళ్ళు కావాలట. చీర మీద రెయిన్‌కోటు వేసుకుని, చేతిలో క్యాబేజీ సంచితోనే లోపలికి వెళ్ళింది.

అంతకు ముందటేడు చిలీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. చదువుకునే పిల్లలు ఎందరో జైళ్ళ పాలయ్యారు, దొరకనివాళ్ళు దేశాలు పట్టిపోయారు. అలా మా ఊరు చేరినవాళ్ళు పాతికమంది దాకా ఉంటారు. వాళ్ళ చదువు మధ్యలో ఆగిపోకూడదని కొందరు టీచర్లు, చర్చివాళ్ళు కలిసి ఒక సంఘం పెట్టారు. దాని పేరు చాంతాడంత ఉండేది, మేము కమిటీ అనేవాళ్ళం. రిటైరయిన టీచరు ఎల్లెన్ గారు కార్యదర్శి. పిల్లలకి సీట్లు ఇప్పించడం, ఇళ్ళలో గదులు చూడటం, ఇంగ్లీషు నేర్పడం వాళ్ళ పని. ఇంకో పని కూడా ఉండేది. ఇక్కడి యూనివర్సిటీ సీటు ఇస్తామని ఉత్తరం పంపితే, అక్కడ జైల్లో ఉన్న కొందరిని దేశం విడిచి పొమ్మని వదిలేసేవారు. అందరినీ కాదు. ఆ ఉత్తరాల వ్యవహారం ఎల్లెన్ గారు చూసేది, అక్కయ్యకి పాఠాలు, నాకు సమావేశాల్లో టీలు.

కమిటీ సమావేశానికి ప్రతినెలా ఒక విద్యార్థే అధ్యక్షత వహించాలని నియమం. రేపు వాళ్ళ దేశంలో నలుగురి ముందు నిలబడవలసింది వాళ్ళేనని ఎల్లెన్ గారి వాదన. పెద్దవాళ్ళందరం నోరు మూసుకుని కూర్చుంటే, మొన్న మొన్న ఇంగ్లీషు నేర్చిన పిల్ల 'నెక్స్ట్ ఐటమ్' అని బల్ల మీద కొట్టేది. అదీ మా కోనసీమ ఇంగ్లీషులో. ఆరు నెలల్లో ఆ పాతికమందికీ అక్కయ్య యాస పట్టుకుంది. వాళ్ళంతా ఆంటీలాగే మాట్లాడుతున్నారని మా అమ్మాయి ఇక్కడి యార్క్‌షైర్ యాసలో పడీ పడీ నవ్వేది.

ఆ పాతికమందిలో హిమేనా అక్కయ్యగారింటి పై గదిలో ఉండేది. చిలీలో మూడేళ్ళు లా చదివింది. ఇక్కడ లా సీటు ఇస్తామన్నారు గానీ ఒక ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలన్నారు. తప్పితే సీటూ లేదు, స్కాలర్‌షిప్పూ లేదు. అమ్మానాన్నలు లేని పిల్ల. ఉన్నది ఒక్క తమ్ముడు ఆంద్రేస్. వాడు కొండలు దాటి పక్క దేశం చేరిపోయాడని ఆ పిల్ల నమ్మకం. అక్కయ్య ఆమెని హిమా అని పిలిచేది, కంచంలో నెయ్యి తనే వేసేది.

మంగళవారం పొద్దున హిమ లైబ్రరీకి వెళ్ళింది. పరీక్ష శుక్రవారం. నేనూ అక్కయ్యా వంటింట్లో ఉండగా ఎల్లెన్ గారి ఫోన్ వచ్చింది. ఆంద్రేస్ సరిహద్దు దాటలేదట, పట్టుబడ్డాడట. హిమకి చెప్పి, ఇవాళే తనకి ఫోన్ చేయించమని ఎల్లెన్ గారు అడిగింది. అక్కయ్య 'యెస్, యెస్, ఐ విల్ టేక్ కేర్' అని ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుంది.

ఏం చెయ్యాలని మేము ఆలోచించను కూడా లేదు. నన్ను నివ్వెరపరిచేది అదే. వాదులాడుకుని, మంచిచెడ్డలు చూసుకుని దాచినా ఒక దారి. ఇద్దరం మొహామొహాలు చూసుకున్నాం.

"పరీక్ష అవ్వనీ, చెబుదాం," అంది అక్కయ్య.

"అంతేగా మరి," అన్నాను నేను.

మనవాళ్ళలో ఇది కొత్త కాదు. అక్కయ్య ఇంటర్ పరీక్షలప్పుడు రాజమండ్రిలో మేనమామగారింట్లో ఉండేదట. మొదటి పరీక్ష రోజునే ఊళ్ళో వాళ్ళ నాన్నగారు పోయారు. మేనమామ తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. ఆ తొమ్మిది రోజులూ అత్తయ్య వెన్న కాచి అన్నంలో వేసి పంపించిందట. ఆఖరి పరీక్ష రాసొచ్చాక భోజనం పెట్టి, చెయ్యి కడుక్కున్నాక చెప్పారు. పదో రోజుకి ఊరు చేరింది. "మా మావయ్య గుండె అంత గట్టిది కాబట్టే నాకు ఫస్ట్ క్లాసొచ్చింది," అని అక్కయ్య ఈ కథ నాకు కనీసం ఆరుసార్లు చెప్పి ఉంటుంది. ప్రతిసారీ మావయ్యని మెచ్చుకుంటూనే చెప్పేది.

బుధవారం సాయంత్రం మళ్ళీ ఫోన్ మోగితే నేను తీశాను. పిల్ల ఎలా ఉందని ఎల్లెన్ గారు అడిగింది. పడుకుందని చెప్పాను. హిమ పైన గట్టిగా పాఠం చదువుతోంది. పాపం పడుకోనివ్వు, కానీ రేపు పొద్దుటికల్లా హిమ దగ్గర్నుంచి కొన్ని వివరాలు కావాలి అంది ఎల్లెన్ గారు. ఎందుకని నేను అడగలేదు. హిమకి వార్త తెలిసిపోయిందనే ఆవిడ అనుకుంది. ఏడుస్తున్న ఇంటికి మాటిమాటికీ ఫోన్ చెయ్యడం ఇంగ్లీషువాళ్ళకి అమర్యాద. గురువారం ఆవిడ చెయ్యలేదు.

వివరాలంటే కాలేజీ ఫారానికేమో అనుకున్నాం. జైలు, ఉత్తరం, సీటు... మూడూ మాకు తెలుసు. మూడూ కలిపి చూడవలసిన బుర్ర నాలుగు రోజులు పనిచెయ్యలేదు. ఎలా దాచాలన్న ఒక్క ధ్యాసే మాకు.

శుక్రవారం హిమ నవ్వుతూ వచ్చింది. పరీక్ష బ్రహ్మాండంగా రాశానంది. అప్పుడైనా గుమ్మంలోనే చెప్పవలసింది. ముందు కడుపులో నాలుగు మెతుకులు పడనీ అని అక్కయ్య కళ్ళతోనే సైగ చేసింది. పక్క ఊరు బ్రాడ్‌ఫర్డ్ నుంచి తెప్పించిన చింతపండుతో పులిహోర కలిపింది. హిమ రెండోసారి వడ్డించుకుంది. అప్పుడు అక్కయ్య పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి చెప్పింది.

హిమ ఏడవలేదు.

"మీకెప్పుడు తెలిసింది?" అంది.

"మంగళవారం, తల్లీ."

చెంచా పళ్ళెంలో పెట్టి, లేచి హాల్లో ఫోన్ దగ్గరికి వెళ్ళింది. తమ్ముడి పుట్టినరోజు, గుర్తింపు కార్డు నంబరు ఒక్కొక్క అంకే చెప్పడం మాకు వినిపించింది. ఫోన్ పెట్టేసింది. వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మా సాంటియాగోకి ఉత్తరాలు తీసుకెళ్ళే చర్చి ఫాదర్ నిన్న మధ్యాహ్నం విమానం ఎక్కేశారు," అంది. "ఆంద్రేస్‌కి సీటు ఉత్తరం సిద్ధంగానే ఉందట. నంబరు లేకుండా పంపితే జైలువాళ్ళు తీసుకోరట. ఆ నంబరు నాకు వచ్చు."

అక్కయ్య బల్ల అంచు పట్టుకుంది. నీ మంచికేనమ్మా అని మొదలుపెట్టి, నాన్నగారు, మావయ్య, తొమ్మిది రోజులు, ఫస్ట్ క్లాసు, అంతా గడగడా చెప్పేసింది. ఆ పిల్ల ఒక్క ముక్క వదలకుండా విన్నది.

"మీకు వాళ్ళ మీద కోపం రాలేదా?" అని అడిగింది.

అక్కయ్య హిమ పళ్ళెం చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టింది. పదిహేడేళ్ళ వయసులో నాన్నని ఆఖరిసారి చూసే వీలు పోగొట్టుకున్న మనిషి, ఇరవై నాలుగేళ్ళు ఆ మావయ్యనే మెచ్చుకుంటూ తిరిగిన మనిషి. కోపం వచ్చిందో లేదో ఎవరైనా అడగడం అదే మొదటిసారి. నేను ఆరుసార్లు విన్నాను. నాకూ తోచలేదు.

మూడు వారాల తర్వాత ఇంకో మనిషి ఆ ఉత్తరం తీసుకువెళ్ళాడు. అప్పటికి ఆంద్రేస్‌ని ఆ జైలునుంచి ఎక్కడికో తరలించారు. ఆ పేరుగలవాడు మా దగ్గర లేడని జవాబిచ్చారు. మళ్ళీ కబురు లేదు. ఉత్తరం గురువారమే వెళ్ళి ఉంటే వదిలేవారా? ఎవరూ చెప్పలేరు. అది అడ్డం పెట్టుకుని నేను ఎన్నోసార్లు తప్పించుకోవాలని చూశాను. అక్కయ్య ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. హిమ పరీక్ష మంచి మార్కులతో ప్యాసయింది. ఫలితం వచ్చిన రోజునే పెట్టె సర్దుకుని వేరే ఇంటికి వెళ్ళిపోయింది.

అక్కయ్య కమిటీ మానేస్తుందనుకున్నాం. మానలేదు. ఎల్లెన్ గారి దగ్గరికెళ్ళి, ఇకమీదట పిల్లలకి వార్తలు చెప్పే పని నాకివ్వండి అంది. మీకెందుకండీ ఈ శిక్ష అని ఎల్లెన్ గారు బతిమాలినా వినలేదు. ఆ తర్వాత మూడేళ్ళు చిలీ గురించి లండన్ నుంచి ఏ వార్త వచ్చినా, మంచైనా చెడైనా, అందిన గంటలో బస్సెక్కేది. ఉడుకుతున్న అన్నం దింపేసి వెళ్ళేది. పరీక్ష హాలు బయట కూడా నిలబడి చెప్పింది. కూర్చోమన్నా కూర్చోకుండా ముందు విషయం చెప్పేది, తర్వాతే ఏడవనిచ్చేది. రెయిన్‌కోటు కింద చీర కనబడితే పిల్లలకి గుండె జారిపోయేది. కానీ కామేశ్వరాంటీ రాలేదంటే ఇవాళ్టికి ఏమీ జరగలేదని ధైర్యంగా పడుకునేవారు.

హిమ ఏడాదిన్నర మాట్లాడలేదు. తర్వాత సమావేశాల్లో పలకరించేది, ఇంటికి మాత్రం వచ్చేది కాదు.

1978 అక్టోబర్‌లో కమిటీ వార్షిక సమావేశం. అధ్యక్షురాలు హిమ. యూనివర్సిటీ పెద్దలు, కౌన్సిల్ వాళ్ళు వస్తున్నారు, వాళ్ళ ముందు అక్కయ్య మాట్లాడాలి. వారం రోజులనుంచి అద్దం ముందు అభ్యాసం చేస్తోంది. అతిథులకి పకోడీలు వెయ్యడానికి నేను వాళ్ళింట్లోనే ఉండిపోయాను. రెండింటికి తలుపు తట్టారు. అక్కయ్య పేరిట టెలిగ్రాం. కాకినాడనుంచి వాళ్ళ తమ్ముడు. మదర్ ఎక్స్‌పైర్డ్.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఆ కాగితం మడిచి జాకెట్లో దోపుకుని మళ్ళీ పకోడీలు వేశాను. ఉపన్యాసం అవ్వనీ, నాలుగు ముద్దలు తిననీ అనుకున్నాను. ఎవరికి దాస్తున్నానో, ఏ ఇంట్లో నిలబడి దాస్తున్నానో నాకు తట్టనే లేదు.

రెండున్నరకి హిమ పరుగెత్తుకుంటూ వచ్చింది. అక్కయ్య హాజరు పుస్తకం మర్చిపోయిందట. మూడేళ్ళ తర్వాత ఆ ఇంట్లో కాలుపెట్టడం అదే. పుస్తకం తీసుకుని నా మొహం చూసింది.

"ఏమైంది?"

చెప్పాను. ఆ కళ్ళ ముందు దాచడం నా వల్ల కాలేదు. చెయ్యి చాపింది, టెలిగ్రాం ఇచ్చాను. అది పట్టుకుని గుమ్మం దాటేసింది. స్టవ్వు ఆర్పి ఆమె వెనకాలే పరుగెత్తాను.

రెండు వీధుల అవతల హాలు. అప్పటికే ఎల్లెన్ గారు మొదలుపెట్టించింది, అక్కయ్య లేచి మాట్లాడుతోంది. అధ్యక్షురాలు తిన్నగా వేదిక ఎక్కి, ఆవిడ మాటకి అడ్డుపడి, అంతమంది ముందు అక్కయ్య రెండు చేతులూ పట్టుకుంది.

"ఆంటీ, మీ అమ్మగారు పోయారు. నాకు తెలిసి ఐదు నిమిషాలయింది."

కౌన్సిల్ ఆయన టీ కప్పు ఎత్తినది ఎత్తినట్టే పట్టుకున్నాడు. అక్కయ్య హిమ మొహంలోకి చూసి, థాంక్యూ అమ్మా అంది. సమావేశం వాయిదా వేస్తున్నానని హిమ బల్ల మీద ఒకసారి కొట్టింది.

ఇంటికి నడుస్తుంటే ఒక పక్క హిమ, ఇంకో పక్క నేను. గేటు దగ్గర అక్కయ్య ఆగింది.

"రాజ్యం, టెలిగ్రాం ఎన్నింటికొచ్చిందే?"

నేల చూస్తూ, "రెండింటికి, అక్కయ్యా," అన్నాను.

"అరగంట," అంది. "మా నాన్నప్పుడు తొమ్మిది రోజులు. నువ్వు నయమేలే."

అక్కడే గేటు పట్టుకుని ఏడ్చింది. వాళ్ళమ్మ కోసమో, వాళ్ళ నాన్న కోసమో నేను అడగలేదు. హిమ గేటు తీసి ఆవిడతోపాటు లోపలికి వెళ్ళింది.