మాట కనిపించిన తరగతి

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున, తర్లుపాడు మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్ర స్కూల్ అసిస్టెంటుగా చేరాను. అదే నా చివరి బదిలీ. నల్లబల్ల స్థానంలో గోడకు పెద్ద డిజిటల్ తెర బిగించిన గది నాకు దక్కింది. వేలితో రాయవచ్చు, వీడియోలు చూపించవచ్చు, ఇంటర్నెట్ ఉంటే మన మాటను అక్షరాలుగా మార్చవచ్చు.

తొమ్మిదో తరగతిలో ఆస్మా అనే అమ్మాయి ఉండేది. చిన్నప్పటి జ్వరం వల్ల ఆమెకు వినికిడి తగ్గింది. ఉచిత వైద్య శిబిరంలో ఇచ్చిన వినికిడి యంత్రం చెవికి ఉన్నా, తరగతి గోలంతా అందులో కలగాపులగంగా వినిపించేది. అందుకని నా పెదవులు చూస్తూ పాఠం పట్టుకునేది. నేను రాయడానికి తెరవైపు తిరిగితే అక్కడితో ఆమెకు పాఠం తెగిపోయేది.

దసరా సెలవులకు ముందు వాళ్లమ్మ ఖాజాబీ బడికి వచ్చి, పిల్లను మాన్పిస్తానన్నది.

"వినపడని పిల్ల పదో తరగతి ఎట్ల గట్టెక్కుతాది మేడమ్? మార్కాపురంలో మా అక్కకు కుట్టు దుకాణముంది. ఆడ పెడితే చేతిపని వస్తాది."

ఆమె మాటలో కోపం లేదు, పిల్ల గురించిన దిగులే ఉంది. సంక్రాంతి సెలవుల దాకా ఆగమని అడిగాను. అయిష్టంగానే ఒప్పుకుంది.

దసరా సెలవుల తర్వాత నా ఫోన్ నుంచి తెరకు నెట్ కలిపి, చిన్న మైకు పెట్టుకుని, పిల్లల వైపు తిరిగి పాఠం చెప్పడం మొదలుపెట్టాను. నేను అన్నది అన్నట్టు తెలుగులో తెర మీద పడేది. కొన్నిసార్లు తప్పులూ పడేవి. సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత పౌనఃపున్యం అని నేనంటే, తెర మీద 'పోనీ పుణ్యం' అని వచ్చింది. తరగతంతా నవ్వింది. ఎప్పుడూ పక్కవాళ్లను చూసి కాస్త ఆలస్యంగా నవ్వే ఆస్మా, ఆ రోజు అందరికంటే ముందు నవ్వింది. లేచి వచ్చి వేలితో ఆ మాట దిద్దింది కూడా.

ధ్వని పాఠానికి వచ్చేసరికి ఆమె ఒక ప్రశ్న అడిగింది. "మేడమ్, నాకు వినపడేది ఏది, వినపడనిది ఏది?"

అందరి ముందు చూద్దామా అని అడిగితే సరేనంది. వాళ్లమ్మను కూడా పిలిపించమంది. మరునాడు ఖాజాబీ వెనక బెంచీలో కూర్చుంది. నేను ఒక యాప్‌తో మంద్ర స్వరం నుంచి కీచు స్వరం దాకా వినిపిస్తూ, తెర మీద ఆ ధ్వని తరంగం చూపించాను. వినపడినంతసేపు చెయ్యెత్తమన్నాను. మొదట అన్ని చేతులూ లేచాయి. తరంగాలు దగ్గరదగ్గరగా వచ్చేకొద్దీ ఆస్మా చెయ్యి మెల్లగా దిగింది. మిగతా చేతులు లేచే ఉన్నాయి.

"అంటే కొన్ని వినపడతా ఉన్నాయి," అంది ఆస్మా తెరను చూస్తూ. "నాకు మొత్తం చెవుడు కాదు."

'స', 'ష' లాంటి అక్షరాలు ఎక్కువగా ఆ కీచు స్వరాల వైపే ఉంటాయని, అందుకే ఎంత గట్టిగా చెప్పినా ఆమెకు మాట స్పష్టంగా అందదని చెప్పాను.

"గట్టిగా అరిస్తే వింటాదనుకుంటిని మేడమ్," అంది ఖాజాబీ. "అరిచేదాంతో పని లేదన్నమాట. సరే, తెర మీద చూసి చదవనీండి. కుట్టుపని యాడికి పోతాది."

ఇది వైద్య పరీక్ష కాదని, ఒంగోలులో చెవి డాక్టరుకు చూపించమని చెప్పి పంపాను. అక్కడ యంత్రాన్ని ఆస్మా చెవికి తగ్గట్టు సరిచేశారు. హెడ్మాస్టరు గారు వీలైన పాఠాలన్నీ ఆ గదిలోనే జరిగేట్టు టైంటేబుల్ మార్చారు. కరెంటు పోయిన రోజుల్లో ముఖ్యమైన మాటలు ముందే చార్టు మీద రాసిపెట్టుకుని, పిల్లల వైపు తిరిగి చెప్పేదాన్ని. ఆస్మా పదో తరగతి మొదటి ప్రయత్నంలోనే పాసై, మార్కాపురంలో ఇంటర్‌లో చేరింది. సెలవుల్లో పెద్దమ్మ దుకాణంలో కుట్టుపని కూడా నేర్చుకుంటున్నదట.

బడికి కొత్త పరికరం వచ్చినప్పుడు దానితో ఏమేమి చేయవచ్చో చెప్పే శిక్షణలు చాలా చూశాను. ఈ తరగతిలో పాఠం ఇప్పటిదాకా ఎవరికి అందడం లేదు, ఎక్కడ తెగిపోతున్నది అన్నది ముందు తేల్చుకుంటే, అందులో ఏది వాడాలో తెలుస్తుందని నాకు అక్కడ అర్థమైంది.