మా యారాలు తెప్పించిన బస్సు

మా యారాలు పోయింది. యారాలంటే మా బావగారి భార్య. నేను అక్కా అనే పిలిచేదాన్ని. పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఒరిగిందట. మళ్లీ లేవలేదు. నాకు ఎప్పుడూ ఏదో ఒక గాబరా. ఆ గాబరాను నవ్వి పోగొట్టే మనిషే పోయిందంటే కాళ్లుచేతులు ఆడలేదు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. తోచినట్టు రాస్తున్నాను, సర్దుకుని చదవండి.

మేముండేది మానుకోట చివర, కురవి రోడ్డు మీది కొత్త కాలనీలో. ఇల్లు కట్టినప్పుడు చుట్టూ పత్తి చేన్లే. జిల్లా అయ్యాక అన్నీ ప్లాట్లయ్యాయి, రంగు రాళ్లు పాతారు. ఇండ్లు లేచాయి గానీ నల్లా రాలేదు, బస్సు రాలేదు. దవాఖానకు పోవాలన్నా, పిల్లలు కాలేజీకి పోవాలన్నా ఆటోనే. అది నిండేదాకా కదలదు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఆటో అంచున వేలాడుతూ పోవడం చూసి అక్క ఊరుకోలేకపోయింది.

సోమవారం సోమవారం కలెక్టరాఫీసులో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది కదా, అక్కడికి నన్నూ తోలుకుపోయేది.

"అక్కా, పోలీసోళ్లు పట్టుకపోతరేమోనే," అన్నాను మొదటిసారి.

"పోనియ్యి. జీబుల కూసోవెట్టి తీస్కపోతరు. గీ ఆటోల నలుగుడన్న తప్పుతది."

మీకు నీళ్ల ట్యాంకు కట్టించాం కదమ్మా అన్నాడు అక్కడి సారు. అక్క చేతులు కట్టుకుని, "కట్టిండ్రు సారూ, కాదన్ననా? నీడ మంచిగనే వడ్తంది. నీళ్లే వస్తలెవ్వు," అంది. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు, సారు కూడా నవ్వాడు. నల్లా ఆ ఎండాకాలంలోనే వచ్చింది. బస్సుకే చాలా తిప్పలు పడింది.

చివరికి డిపో సారు ఒప్పుకున్నాడు. "ఒక నెల నడిపి చూస్తం. ఎక్కేటోళ్లు లేకుంటె బంద్ వెడ్తం."

ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సహించలేదు. అక్క మాత్రం ఇల్లిల్లూ తిరిగింది. "ఆడోళ్లకు టికెట్ పైసలు గూడ లెవ్వు. ఇంకేం రోగం మీకు?" అని తిట్టింది. జనం తక్కువైన రోజు పని లేకపోయినా తానెక్కేది, నన్నూ ఎక్కించేది. పల్లీలు ఒలుచుకుంటూ మార్కెట్ దాకా పోయి అదే బస్సులో తిరిగొచ్చేవాళ్లం.

"ఉత్తగ తిరిగితె నలుగురు నవ్వుతరక్కా."

"నవ్వనియ్యి. ఖాళీ బస్సును జూస్తెనే నాకు భయం."

ఆమె నోట భయమన్న మాట నేను విన్నది అప్పుడొక్కసారే. డిపో సారు చెప్పిన నెల నిండకముందే పోయింది.

ఆ రోజు డప్పుల వెనక అందరం చౌరస్తా దాకా నడిచాం. మా ఇండ్లలో ఆడవాళ్లు అక్కడినుంచే మళ్లాలి. నేరుగా ఇంటికొచ్చి, దేన్నీ ముట్టకుండా తలస్నానం చెయ్యాలి. పాడె మలుపు తిరిగింది. మేమింకా అటే చూస్తున్నాం. అప్పుడే బస్సొచ్చింది. లోపల ఒక్కరూ లేరు. కాలనీ అంతా చావుకొస్తే ఇక ఎక్కేదెవరు?

ఇవాళ ఖాళీగా పోతే దీన్నే సాకు పెట్టి ఆపేస్తారేమో. ఏమనుకున్నానో ఏమో, చెయ్యెత్తాను.

"స్నానం జెయ్యకుంట ఎటెక్కుతవే? బుద్ధున్నదా?" మా ఆడబిడ్డ అరిచింది.

"సీట్లు ముట్టుకోను వదినా. నిలవడ్త."

కండక్టరమ్మ మమ్మల్ని చూసి మెల్లగా అడిగింది. "ఎటువోవాలె అవ్వా?"

"ఎటైతెంది బిడ్డా. టికెట్ గొట్టు."

నా వెనక ఇంకొకామె ఎక్కింది. ఆమె వెనక మరొకరు. గొణుక్కుంటూ మా ఆడబిడ్డా ఎక్కింది. బస్సు మార్కెట్ వైపు కదిలింది. డప్పులు దూరమయ్యాయి. సీట్లన్నీ ఖాళీ. వాటి మధ్య, ఒకరి భుజం ఒకరం పట్టుకుని, ఊగుతూ, ఆడవాళ్లమంతా నిలబడే ఉన్నాం.