వడపోత అడిగిన పల్చటి చున్నీలు

మా మేడల్లో స్విమ్మింగ్ పూల్ చూసుకునే ఆయనకి ఇంకెక్కడో ఇంకో ఇల్లుందని ఒక మాట పుట్టింది. పుట్టిన మాట పడుకుంటుందా? కాళ్ళొచ్చి మెట్లెక్కింది, ఆయాసమొచ్చి లిఫ్టు కూడా ఎక్కింది. ఆ మాట అబద్ధం. ఎలా అబద్ధమో నేనే దగ్గరుండి తేల్చాను కాబట్టి, అందరికీ ఒకేసారి తెలిసేలా రాస్తున్నాను. ఆయన ఇల్లాలికి ముందు చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే ఇది బయట పెడుతున్నాను.

ఆయన్ని మేమందరం వడపోత అంటాం. చేసేది ఫిల్టర్ పని కావడం ఒక కారణం. ఏది అడిగినా నోట్లో ఒకసారి వడకట్టుకుని గాని మాట బయటికి వదలకపోవడం రెండోది. భార్య గేటు పక్క గదిలో కుట్టుమిషను పెట్టుకుంది. చెయ్యి మంచిది, గుండె మాత్రం చిన్నది. ఒకసారి ఎవరిదో గౌను ఇస్త్రీపెట్టె కింద కాలిపోతే, ఆ తర్వాత చాలాకాలం ఆమె ఇస్త్రీపెట్టె ముట్టుకోలేదు. ఆమె కుట్టినవన్నీ సాయంత్రాలు వడపోతే కూర్చుని ఇస్త్రీ చేసేవాడు. అది చూసి మేం నవ్వుకున్నాం కూడా.

ఈ ఎండల్లో పూల్ మోటారు చెడిపోయింది. అది బాగయి వచ్చేసరికి నీళ్ళు పచ్చగా తిరిగి, గోడలకి నాచు పట్టి, అడుగు కనపడకుండా పోయింది. వడపోత క్లోరిన్ పొడి చల్లాడు. పొడుగాటి కర్రకున్న బ్రష్షుతో గోడలన్నీ రుద్దాడు. నాచు చచ్చింది, పచ్చదనం పోయింది. కానీ నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లగా మారాయి తప్ప తేటపడలేదు. అక్కడి నుంచి మొదలైంది ఫిల్టర్ పేచీ. ఫిల్టరంటే మరేం కాదు, ఇసక నింపిన పెద్ద డ్రమ్ము. దాని నెత్తిన గడియారంలాంటిది ఒకటుంటుంది. ఇసక పూడుకుపోతే దాని ముల్లు పైకి లేస్తుంది, నీళ్ళు సన్నగా వస్తాయి. అప్పుడు నీళ్ళని వెనక్కి తోలి, ఇసకలోని మురికిని కాలవలోకి వదలాలి. మామూలుగా ఎప్పుడో ఒకసారి చేసే పని. ఈసారి ఆయన పొద్దున్న చేసి టీ తాగి వచ్చేసరికి ముల్లు మళ్ళీ పైనే ఉంటోంది.

సరిగ్గా అప్పుడే ఆయన ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళని చున్నీలు అడగడం మొదలెట్టాడు.

అడిగినా ఒక తీరుగా అడిగాడా అంటే లేదు. పాతదైనా పరవాలేదట, పల్చగా ఉండాలట, రంగు దిగకూడదట. టీచరమ్మ మందపాటిది ఇస్తే వద్దని, ఇంకో పల్చటిది అడిగి పట్టుకెళ్ళాడు. నర్సమ్మ ఎర్రది ఇస్తే, అక్కడే కుళాయి కింద తడిపి పిండి చూసి తిరిగిచ్చేశాడు. అడిగేదే పాత గుడ్డ, అందులో మళ్ళీ బేరమా అని ఆమెకి ఒళ్ళు మండింది. ఎందుకయ్యా అంటే, “పనుంది” అన్నాడు. ఆ ఒక్క మాట చాలదూ? మగవాడు పల్చటి చున్నీ రంగు దిగకుండా కావాలన్నాడంటే, వేసుకునే మనిషి ఎవరో ఉండే ఉంటుందని టీచరమ్మ తేల్చేసింది. నిప్పు లేనిదే పొగ రాదని నర్సమ్మ వంత పాడింది. పైగా ఇదివరకు బార్లా తెరిచుండే పంపు గది తలుపుకి ఇప్పుడు లోపలి నుంచి గడియ పడుతోంది. అది మాత్రం నా కళ్ళతో నేనే చూశాను.

మాట తిరిగి తిరిగి గేటు పక్క గదికి చేరింది. నేను వెళ్ళేసరికి మిషను మీద ముసుగు కప్పి ఉంది, మంచం మీద సంచీ సర్ది ఉంది. ఆదివారం వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోతుందట. మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా అంటే సంచీలో ఇంకో చీర కుక్కింది. ఎవరో ఏదో అన్నారని కాపురం వదిలి పోతావా అని నేను కోప్పడితే, మిషను కిందకి చెయ్యి చూపించింది. అక్కడ మూటెడు గుడ్డముక్కలున్నాయి. అందులో పల్చటివి ఎన్నో.

“చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇవన్నీ ఇంట్లో ఉండగా బయట ఎందుకడగాలి పిన్నీ? నాకు చెప్పకూడని మనిషికి కాబట్టే కదా.”

నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం బలపడింది. అయినా తగువు ఒకవైపే వింటే తేలదు. ఆమె చెయ్యి పట్టుకుని పంపు గది దాకా లాక్కెళ్ళాను. కిటికీ కింద గోడకి ఆనించి నిలబెట్టి, దగ్గు కూడా దగ్గొద్దని చెప్పి, తలుపు బాదాను.

వడపోత తలుపు ఓరగా తీశాడు. నాకు ఆ సందు చాలు. లోపల క్లోరిన్ ఘాటుకి కళ్ళు మండాయి. తాడు మీద చున్నీలు ఆరుతున్నాయి. నాలుగు పలకలుగా చింపినవి, ఒక్కోదానికీ బూడిదరంగు జిగట అంటుకుని ఉంది. పూల్ అంచున నీళ్ళు పీల్చుకునే చోట పెట్టే ప్లాస్టిక్ బుట్ట ఆయన చేతిలో ఉంది. దానికి టీచరమ్మ చున్నీయే బిగించి కడుతున్నాడు. చచ్చిన నాచు పిండికన్నా మెత్తనిదట. ఇసక దాకా పోకుండా ముందే గుడ్డలో పట్టేస్తున్నాడు. గుడ్డ మందంగా ఉంటే నీళ్ళు దిగవు, రంగు దిగితే పూల్ అంతా ఎర్రబడుతుంది. ఇంతే సంగతి.

ఇంతేనా అని ఊరుకునే దాన్ని కాదు నేను. ఏటా నాచు తీస్తాడు, ఏ ఏడూ చున్నీ అడగలేదే? గూట్లోకి చూశాను. తాడు కట్టిన పటిక గడ్డ ఉంది, సగం కరిగిపోయి. ఆయన తల దించుకున్నాడు. నీళ్ళు తేటపడాలని బిందెలో తిప్పినట్టు పూల్ చుట్టూ తిరుగుతూ పటిక తిప్పాడట. మోటారు ఆపేసి ఉంటే ఆ మురికి అడుగుకి దిగేది, గొట్టంతో లాగి బయట పోసేవాడు. మోటారు ఆపడం మరిచాడు. విరిగిన పాలలా ముద్దలు కట్టిన ఆ మురికంతా పోయి ఇసకలో కూర్చుంది. ఇసక గడ్డలు కట్టింది. తలుపు గడియ పెట్టుకుని, డ్రమ్ము మూత తీసి, ఆ గడ్డలనే చేత్తో చిదుపుతున్నాడు.

కిటికీ కిందకి బాగా వినపడాలని గొంతు పెంచాను.

“ఇంకో ఇల్లుందన్న నింద మోశావు. అక్కడ పెళ్ళాం సంచీ సర్దుకుని కూర్చుంది. పటిక తిప్పానే, ఫిల్టర్ పూడుకుపోయిందే అని ఆమెతో ఒక్క మాట చెప్పడానికి నీకేమొచ్చింది నాయనా?”

వడపోత అలవాటు ప్రకారం మాట వడకట్టుకున్నాడు. బుట్ట పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

“ఆ పటిక ఇచ్చింది తనే పిన్నీ. వాళ్ళమ్మ బిందెలో తిప్పేదట, కాగితంలో చుట్టి తెచ్చి మరీ ఇచ్చింది. ఇంట్లో గుడ్డ అడిగితే ఎందుకో చెప్పాలి కదా. నా మీద అనుమానమైతే అక్క ఇంటికి పోయినా, నన్ను తిట్టి తిట్టి తిరిగొస్తుంది. తన మీద తనకే వచ్చిందనుకోండి, ఇంక కూరలో ఉప్పెయ్యాలన్నా భయపడుతుంది. ఇస్త్రీ అంటే ఎలాగో చేసిపెట్టాను గాని, నాకు వంట రాదు పిన్నీ.”