ప్లగ్గు జేబులో, ప్రార్థన పడవలో

సముద్రాన్ని చేసి, దానికి ఇసుకను హద్దుగా పెట్టి, ఆ హద్దు దగ్గరే మునిగిపోబోయిన నాలాంటివాణ్ణి కోటు కాలరు పట్టుకుని పైకి లాగిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన కృపే లేకపోతే ఈ సంగతి మీకు నేను కాకుండా విశాఖ రేవులో చేపలు చెప్పుకుంటూ ఉండేవి. అవి చెబితే ఇంకా బాగా చెప్పేవేమో కూడా. నేను కళ్ళు మూసుకున్నాను, అవి మొత్తం చూశాయి.

పడవ మునగడం పెద్ద విశేషం కాదు. పడవలన్నాక మునుగుతాయి. కానీ మునుగుతున్నవాళ్ళను కాపాడడానికి సిద్ధం చేసిన పడవ, భద్రత చూసే మనిషి నిలబడి ఉండగా, ఆ మనిషి కోరుకున్నందువల్లే మునగడం అనేది ప్రపంచంలో ఒక్కసారే జరిగింది. ఆ మనిషి మీ ముందే ఉన్నాడు. సిగ్గుపడుతున్నాడు గానీ, చెప్పకుండా ఊరుకునేలా లేడు.

మాది చిన్న పడవల క్లబ్బు. యజమాని అంటూ ఎవరూ లేరు. సభ్యులందరం తలా ఒక వాటా వేసుకుని పెట్టుకున్నదే. జెట్టీ ఊడ్చేదీ మేమే, తాళ్ళు మార్చేదీ మేమే, పడవలకు రంగులు వేసేదీ మేమే, రంగు బాగాలేదని గొణిగేదీ మేమే. అలాంటి క్లబ్బులో భద్రతా కార్యదర్శి పదవి ఖాళీ అయింది. "ఎవరు తీసుకుంటారు?" అని సభలో అడిగారు. అందరూ చెప్పుల వైపు చూసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే నేను, ఆ నెల క్లబ్బులో ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగలలేదని గుర్తొచ్చి, మా చర్చి సంఘంలో అలవాటైనట్టు రెండు చేతులూ పైకెత్తి "స్తోత్రం!" అన్నాను.

"ఓకే, బ్రదర్ ఒప్పేసుకున్నారు. అదీ రెండు సేతుల్తో!" అన్నాడు అప్పలనాయుడు మావ. చప్పట్లు మోగిపోయాయి. పైకెత్తిన చేతుల్ని ఎలా దించాలో నాకు తెలియలేదు.

అప్పలనాయుడు మావ గురించి చెప్పాలి. ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపి రిటైరయ్యాడు. నాకేమీ చుట్టం కాదు. ఆయన నన్ను అల్లుడా అంటాడు కాబట్టి నేను మావా అంటాను. క్లబ్బులో ఒక మూలన బోర్లా పడి, కుక్కలు పిల్లల్ని పెట్టుకునే పాత ఫైబరు పడవ ఒకటుండేది. దాన్ని ఉక్కునగరంలో తన క్వార్టరుకి మోయించుకుపోయి, మందారం చెట్టు పక్కన పెట్టుకుని, పగుళ్ళు పూడ్చి, కొత్త పలకలు కొట్టి, నారింజ రంగు వేసి పెళ్ళికూతుర్ని చేసి తెచ్చాడు. అదే మా రెస్క్యూ బోటు. అది నీళ్ళలో తిరిగి చూపిస్తే గానీ క్లబ్బు పడవలు ఒక్కటీ రేవు దాటకూడదని పైనుంచి ఆదేశం ఉంది. సీజనంతా పడవలు కట్టేసిన గేదెల్లా జెట్టీ దగ్గర తలలూపుతున్నాయి. నేను చెప్పబోయే రోజున తనిఖీకి ఆఫీసరుగారు వస్తున్నారు. పాసయితే సముద్రం మాది. ఫెయిలయితే క్లబ్బుకి తాళం, మావ చేసిన పనంతా కుక్కపిల్లల పాలు.

ఇక ప్లగ్గు సంగతి. పడవ వెనక అడుగున ఒక కన్నం ఉంటుంది. పడవ నేల మీద ఉన్నప్పుడు ప్లగ్గు తీసేస్తే వానలో నిండిన నీళ్ళు ఆ కన్నంలోంచి కారిపోతాయి. నీళ్ళలోకి దించేముందు మళ్ళీ బిగించాలి. ఇది తెలుసుకోవడానికి వేదాంత కళాశాల అక్కర్లేదు. అయితే మా క్లబ్బులో ప్లగ్గులు నిలిచేవి కావు. గోడ మీద పెట్టింది ఒకటి మాయమైంది. ఒకటి పేకాటలో ముక్కలు ఎగరకుండా బరువుగా పెట్టారు, ఆట అయ్యాక కనిపించలేదు. చివరిగా మస్తాన్ భాయ్ పూర్ణా మార్కెట్ సందులన్నీ తిరిగి ఒక ఇత్తడి ప్లగ్గు తెచ్చాడు. పాత ఊళ్ళో ఇంజన్లు బాగుచేసే మనిషి, మా క్లబ్బు సభ్యుడు, మాటకి ముందు నవ్వు, నవ్వుకి ముందు స్పానరు.

"బ్రదర్, ఇది కూడా పోతే నాను మాత్రం మళ్ళీ తిరగను. అరే, ఆ షాపువాడు నన్ను చూసి షట్టరేసుకుంటున్నాడు" అన్నాడు.

"ఇక పోదు భాయ్. ఇవాళ్టి నుంచి ఇది నా దగ్గరే ఉంటుంది. నా అనుమతి లేకుండా ఎవరూ దీన్ని ముట్టుకోకూడదు" అని నిబంధన పెట్టాను. పెట్టి, దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాను. తనిఖీ రోజున, ఇంత గొప్ప సందర్భం కదా అని పెళ్ళినాటి కోటు తొడుక్కున్నప్పుడు, మరిచిపోకూడదని ప్లగ్గును జాగ్రత్తగా చొక్కా జేబులోంచి తీసి, కోటు లోపలి జేబులో, గుండెకు దగ్గరగా పెట్టుకున్నాను. నా మతిమరుపు మీద నాకు అంత జాగ్రత్త!

విశాఖ ఎండలో కోటు. గాజువాక నుంచి షేరాటోలో, ఇద్దరు చేపలమ్మే ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని వచ్చాను. "ఏటి బాబూ, పెల్లికా?" అంది ఒకావిడ. "పడవకి" అన్నాను. ఆవిడ మిగతా దారంతా నాతో మాట్లాడలేదు.

జెట్టీ దగ్గర అందరూ సిద్ధం. మావ చేతికి లైఫ్ జాకెట్ అందించి, "ఇది లేకుండా ఎవరూ పడవ ఎక్కకూడదు" అని గద్దించాను.

"మరి నీది?"

"కోటు మీద పట్టడం లేదు మావా. నాకు పైనుంచి కాపుదల ఉంది."

"కాపుదలకి జిప్పుంటాదా?"

నేను వినలేదు. పడవ ట్రాలీ మీద ర్యాంపు దిగుతోంది. మస్తాన్ భాయ్ వెనక నుంచి అరిచాడు.

"బ్రదర్, ప్లగ్గు?"

"భద్రంగా ఉంది భాయ్, దాని గురించి దిగులే వద్దు" అన్నాను. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు, గమనించండి.

ఆఫీసరుగారు వచ్చారు. నడివయసు ఆవిడ, ముఖంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. "మొదలుపెట్టండి" అన్నారు.

మా క్లబ్బులో ఏ పడవ మొదటిసారి నీళ్ళలోకి దిగినా మూడు రకాల దీవెనలుంటాయి. మావ కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు పడవ ముక్కు మీద చల్లాడు. అర నిమిషం. మస్తాన్ భాయ్ రెండు అరచేతులూ చాచి పెదవులు కదిపి ముఖం తుడుచుకున్నాడు. అదీ అర నిమిషం. ఇప్పుడు నా వంతు. అర నిమిషంలో ముగిస్తే మా సంఘం పరువేం కావాలి? నేను సంఘ పెద్దను. మా పాస్టరుగారికి గొంతు పట్టేస్తే ఉపవాస కూడికలో ప్రార్థన నాదే, జనం ఆకలి కూడా మరిచిపోతారు. కనీసం నేను అలా అనుకుంటాను.

మావను తోడు తీసుకుని, నీళ్ళలో తేలుతున్న పడవలోకి ఎక్కి, ముందుభాగంలో నిలబడి, "అందరం కళ్ళు మూసుకుందాం" అన్నాను. మంచి మనుషులు, అందరూ మూసుకున్నారు. ఆఫీసరుగారు కూడా తల వంచారు.

జగదుత్పత్తి నుంచి మొదలుపెట్టాను. జలాలను జలాల నుంచి వేరుచేయడం దగ్గర కొంచెం నిదానించాను. తరవాత జలప్రళయానికి వచ్చాను. ఓడ కట్టిన భక్తుడు లోపలా బయటా తారులాంటి కీలు ఎంత జాగ్రత్తగా పూశాడో, ఒక్క కన్నమైనా వదలకుండా ఎలా చూసుకున్నాడో కన్నీళ్ళతో వర్ణించాను. అవును, కన్నం అనే మాట నా నోటితోనే అన్నాను. జేబులో ప్లగ్గు గుండెకు తగులుతూనే ఉంది. భక్తితో గుండె బరువెక్కింది అనుకున్నాను.

పలకల కింద చేరే నీరు పైకి కనిపించదు. చేరాల్సినంత చేరాక ఒక్కసారిగా పైకొస్తుంది. నా పాదాల దగ్గర చల్లగా తగిలింది. ఆ చల్లదనం వేళ్ళ నుంచి మడమలకు, మడమల నుంచి పిక్కలకు ఎక్కుతోంది. ఏళ్ళ తరబడి ప్రార్థన చేస్తున్నాను గానీ, ఇంత స్పష్టంగా దేవుని సన్నిధి ఏనాడూ తెలియలేదు! నా గొంతు రెట్టింపైంది.

"ఈ పడవను నింపు తండ్రీ! నీ కృపతో నింపు! అంచుల దాకా నింపు! పొంగి పొర్లేలా నింపు!"

"బ్రదర్!" అని జెట్టీ మీంచి మస్తాన్ భాయ్ కేక. వేరే మతస్థుడు కూడా కదిలిపోయాడని నా ఒళ్ళు పులకరించింది. కళ్ళు తెరవకుండా చేయెత్తి ఆగమన్నాను.

"అల్లుడా, నీల్లొచ్చేత్తన్నాయి" అన్నాడు మావ వణికే గొంతుతో.

"రానీ మావా. ఆపకు. ఎన్నాళ్ళనుంచి దాచుకున్నావో!"

"నా కల్లల్లోంచి కాదురా నాయనా, నీ కాల్లకాడ!"

కళ్ళు తెరిచాను. మోకాళ్ళు కనిపించలేదు. ప్రార్థన ఆలకించబడింది. పడవ వెనకభాగం ఇంజను బరువుకి కిందికి, ముక్కు ఆకాశానికి, నేను కోటుతో సహా జారుడుబల్ల మీద పిల్లాడిలా వెనక్కి. "ఆమెన్" సగం గాలిలోనూ, సగం నీళ్ళలోనూ పలికాను. నీళ్ళ మీద నడవబోయి మునిగిన శిష్యుడు "ప్రభువా" అని అరిచాడట. నేను "మస్తాన్ భాయ్" అని అరిచాను. అది దేవుడు క్షమించాలి.

ఆ తరవాత మావాళ్ళు చూపించిన చురుకుదనం చెబితే మీరు నమ్మరు. మస్తాన్ భాయ్ విసిరిన రింగు సూటిగా నా మెడలో దండలా పడింది. ఇద్దరు తాడు లాగారు. ఇంకొందరు ట్రాలీ నీళ్ళలోకి తోశారు. మావ లైఫ్ జాకెట్లో తామరాకులా తేలుతూ, ఒక చేత్తో పడవ తాడు వదలకుండా, "అల్లుడా, నిలబడు" అన్నాడు.

"మునిగిపోతున్నా మావా!"

"నిలబడు ముందు!"

నిలబడ్డాను. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. అప్పటిదాకా వాటిని కొడుతున్న చేతుల్ని ఏం చేయాలో తెలియక మళ్ళీ పైకెత్తాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

పడవను ర్యాంపు మీదికి లాగారు. నీళ్ళు వచ్చిన కన్నంలోంచే ధారగా వెనక్కి పోతున్నాయి. అది చూడగానే నాలోని భద్రతా కార్యదర్శి లేచాడు.

"ప్లగ్గు ఏది? ఎవరు తీశారు? ప్రాణాలంటే లెక్కలేదా మీకు?"

మావ, మస్తాన్ భాయ్ ఒకరినొకరు చూసుకున్నారు. నేను ముఖం తుడుచుకుందామని కోటు లోపలి జేబులోంచి రుమాలు లాగాను. టంగుమని ఏదో కింద పడి, దొర్లుకుంటూ వెళ్ళి నా కాలి దగ్గరే ఆగింది. ఇత్తడిది. పూర్ణా మార్కెట్ది.

మీరైతే ఏం చేసేవారో తెలియదు. నేను దాని మీద కాలు పెట్టేశాను.

ఆఫీసరుగారు దగ్గరికి వచ్చారు. "చాలా క్లబ్బుల్లో డ్రిల్లులు చూశాను. బాధితుడిగా ఇంత సహజంగా ఎవరూ నటించలేదు. ఇది డ్రిల్లే కదా?"

మస్తాన్ భాయ్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. "హా మేడమ్, డ్రిల్లే. బ్రదర్ చాలా రోజులు ప్రాక్టీసు చేశారు."

అందరూ నా వైపు చూస్తున్నారు. 'అవును' అంటే క్లబ్బుకి సముద్రం దక్కుతుంది. మావ తడిసిన మీసాలతో, పెళ్ళి ఆగిపోతుందేమో అని చూసే ఆడపిల్ల తండ్రిలా నిలబడ్డాడు. నేను ఆదివారం బడిలో పిల్లలకు నిజం గురించి చెప్పే మనిషిని. అరికాలి కింద ప్లగ్గు నిప్పుకణికలా ఉంది. ఆ బాధ మనస్సాక్షిదో, ప్లగ్గు అంచుదో ఇప్పటికీ చెప్పలేను.

"కాదు మేడమ్" అన్నాను. "నేను నిజంగానే మునిగాను. తప్పు నాది. వీళ్ళది కాదు." కాలు తీశాను.

ఆవిడ మొదటిసారి నవ్వారు. "తెలుసు. అది పడడం చూశాను. మీరు కాలు ఎప్పుడు తీస్తారా అనే ఆగాను."

వంగి ప్లగ్గు తీసుకుని, నా చేతికివ్వకుండా మావ చేతికిచ్చారు. "బిగించండి. ఇంజను వేసి తిప్పి చూపించండి. కాపాడడం మీవాళ్ళకి వచ్చని చూశాను, ఇక పడవకి వచ్చో లేదో చూడాలి."

మస్తాన్ భాయ్ ఇంజను స్టార్టు చేసే తాడు లాగాడు. ఇంజను నాలాగే రెండుసార్లు దగ్గి, లేచింది. మావ రేవులో గుండ్రంగా తిప్పి తెస్తుంటే జెట్టీ అంతా ఈలలు. ఆయన కళ్ళల్లో ఈసారి నిజంగానే నీళ్ళు. నేను మాత్రం అనుమానంతో ముందు పడవ అడుగు చూశాను.

అనుమతి వచ్చింది. రెండు షరతులు. ప్లగ్గును గొలుసుతో పడవకే కట్టేయాలి. ప్రార్థనలన్నీ పడవ నేల మీద ఉండగానే ముగించాలి. రెండోది చెబుతూ ఆవిడ నావైపు చూడలేదు. అది ఆవిడ మర్యాద.

ఇంటికి వెళ్ళి మా ఆవిడకు జరిగిందంతా చెప్పాను. కోటు పిండుతూ, "ఎవరికీ దొరక్కుండా దాచారు, మీతో సహా" అంది. అంతే అంది.

కాబట్టి, ప్రియులారా, తడిసి చెడిపోయిన ఆ పెళ్ళికోటు మీద చేయి పెట్టి గంభీరంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక నా బతుకులో ఏ పడవనూ నింపమని అడగను. ఏ కన్నానికి సంబంధించిన వస్తువునూ గుండెకు దగ్గరగా పెట్టుకోను. సభల్లో స్తోత్రం చెప్పేటప్పుడు చేతులు ఒళ్ళోనే ఉంచుకుంటాను.

ఇప్పుడు మీరు కూడా నాతో కలిసి రెండు మాటలు ప్రార్థించండి. "తండ్రీ, నీళ్ళ మీద ఉన్నవాళ్ళందరినీ క్షేమంగా ఒడ్డుకు చేర్చు. వాళ్ళను కాపాడేవాళ్ళను వాళ్ళకంటే ముందు కాపాడు. మేము చేయాల్సిన పని మేము చేశాకే నిన్ను అడిగే బుద్ధి మాకివ్వు. ఆమెన్."

కళ్ళు మాత్రం తెరిచే ఉంచండి. పాదాలకు చల్లగా తగిలితే, దయచేసి, ముందు కిందికి చూడండి.