లాకర్లో ఫోను, తెరమీద ఓటీపీ

నేను చెప్పేవాటిలో సగం నిజమని మా వీధిలో అంటారు. అది వాళ్ళ అభిమానం, అంత ఉండదు. ఇది మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మా మేనకోడలు ఇంటర్ పాసై ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి దరఖాస్తు పెట్టుకుంది. ఇప్పుడు డిగ్రీలో మేజర్ అని ఒకటే సబ్జెక్టు ఎంచుకోవాలి. దాని నాన్న, అంటే మా బావ, స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేస్తాడు. పక్కన కూర్చుని మొదటి ఆప్షన్ కెమిస్ట్రీ పెట్టించాడు. ఆప్షన్లు మార్చుకునే ఆఖరి రోజు సాయంత్రం ఈ పిల్ల పోర్టు పక్కన వన్ టౌన్‌లో నా తాళ్ళ కొట్టుకి ఆయాసపడుతూ వచ్చింది.

"మావయ్యా, నాకు హిస్టరీ కావాల. ఆరింటికి మూసెస్తారంట."

నెట్ సెంటరు పక్క సందులోనే. దాన్ని నడిపే భాయ్ హిస్టరీని పైకి, కెమిస్ట్రీని కిందకి మార్చి సేవ్ నొక్కాడు. వెబ్‌సైటు ఓటీపీ అడిగింది.

"ఎవరి నంబరిచ్చారు?"

"నాన్నది."

మా ఇళ్ళల్లో అంతే. గ్యాసు బండ మొదలుకుని అన్నిటికీ ఇంటాయన నంబరే. ఆ నంబరున్న ఫోను అప్పుడు లాకర్లో ఉంది. ఓవెన్ల దగ్గర గ్యాసు ఉంటుంది గనక ఫోన్లు లోపలికి పోనివ్వరు. షిఫ్టు దిగేది రాత్రి పదింటికి.

భాయ్ గడియారం చూశాడు. నేను చూడలేదు. నా గుండె చప్పుడుకి హార్బర్‌లో ఓ ఓడ భయపడి లంగరు దించేసిందట.

బావ సెక్షన్లో లాండ్‌లైను ఉంది. ప్రాణం మీదకొస్తేనే చెయ్యాలని ఆయన ఆజ్ఞ. నేను నంబరు నొక్కేశాను.

"నువ్వూరుకో కోడలా. మీ అమ్మ మెట్ల మీంచి పడిపోయిందంటాను. పరిగెట్టికెళ్ళి లాకరు తీత్తాడు. అప్పుడు ఓటీపీ అడిగేత్తాను."

"మా అమ్మకేటి ఇరగాలి?"

"కాలు. కాలైతే నమ్ముతాడు."

భాయ్ తలెత్తాడు. "ఆ మాట విన్న మనిషి బండేసుకుని లారీల మధ్యలోంచి వస్తాడు సాబ్. చూసుకోండి."

అవతల ఎవరో ఎత్తారు. పిల్ల నా చేతిలోంచి ఫోను లాక్కుని, స్పీకరు నొక్కి, వాళ్ళ నాన్నని పిలవమంది. ఆ పిలవడానికి పోయినవాడు అనకాపల్లి దాకా వెళ్ళి టీ తాగి తిరిగొచ్చినంత సేపయింది.

"ఏటయింది? ఎవలికేటయింది?" బావ అరిచాడు.

"ఎవలికీ ఏటీ అవలేదు నాన్నా. నాను కెమిస్ట్రీ తీసేసి హిస్టరీ పెడతన్నాను. ఓటీపీ నీ ఫోనుకొచ్చింది."

"దీనికా ఇక్కడికి ఫోన్ సేసినావ్? మీ మావయ్య ఎక్కించాడా?"

"లేదు. కాని మావయ్య ఈ పోర్టు గురించి సిన్నప్పట్నుంచీ ఎన్ని కతలు సెప్పాడు. ఏది నిజమో ఏది కోతో తెలుసుకోవాల నాకు."

"దానికి డిగ్రీ ఎందుకు? అన్నీ కోతలే."

భాయ్ మీసం చాటున నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"సదివి ఏటి సేత్తావ్?"

"తెలీదు నాన్నా. కెమిస్ట్రీ సదివినా తెలీదు."

"ఇక్కడోళ్ళ పిల్లలందరూ అదే తీసుకున్నారు. రేపు నీకు ఉద్యోగం రాకపోతే, నాన్న అప్పుడే గట్టిగా సెప్పలేదేటని నన్నంటావ్."

"అనను. నానే ఎంచుకున్నానంటాను."

లైను తెగిపోయింది. ఆయనే పెట్టేశాడో, దానంతటదే తెగిందో తెలియదు. పిల్ల కళ్ళు తుడుచుకోలేదు, తెర వైపే చూస్తూ కూర్చుంది. "కెమిస్ట్రీనే ఉంచెయ్యమంటారా అమ్మా?" అని భాయ్ మెల్లగా అడిగాడు. అది తల అడ్డంగా ఊపింది. బయట పోర్టు లారీలు పోతుంటే టేబులు అదురుతోంది.

నా సెల్లు మోగింది. బావ నంబరు. లాకరు దగ్గర్నించి.

"రాయమను," అన్నాడు.

ఆయన చెప్పిన అంకెలు భాయ్ కొట్టాడు. ఆ ఓటీపీకి గడువు దాటిందని తెర మీద ఎర్రగా వచ్చింది. భాయ్ మళ్ళీ కొత్తది పంపించాడు. బావ ఈసారి ఒక్కో అంకే విడదీసి చదివాడు. తెర మీద చక్రం తిరుగుతూ ఉంది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. నాలుగో మనిషి ఊపిరి ఫోన్లో వినిపిస్తోంది.

"అయిందా?"

"అయింది నాన్నా."

"సరే, ఇంటికెళ్ళు. మీ అమ్మకి నువ్ సెప్పకు. నానొచ్చి సెప్తాను."