దాటకు అన్నాను

ఎనభై నాలుగు జూలైలో ఒక పిట్టను చూడాలని, తొమ్మిదేళ్ల మా అమ్మాయి రూతును వెంటబెట్టుకుని అరిజోనా కొండలకు బయలుదేరాను. గుప్పిట్లో పట్టేంత ఫ్లైకాచర్ అది. కొమ్మ చివర కూర్చుంటుంది, ఎగిరి ఈగను గాలిలోనే పట్టుకుంటుంది, దాల్చినచెక్క రంగు రొమ్ముతో మళ్లీ వచ్చి వాలుతుంది.

మేముండే పార్సిప్పనీలో ఉదయం ఆరింటికి ఇల్లు వదిలాం. నెవార్క్‌లో విమానమెక్కి, డాలస్‌లో మారి, మూడింటికి టూసన్‌లో దిగాం. ఈ ప్రయాణంలో ఇంగ్లీషు మాట్లాడకూడదని రూతుకు ముందే చెప్పాను. మా తెలుగు చర్చిలో అది బైబిల్ వాక్యం చదవలేక తడబడితే నలుగురూ నవ్వారు. ఆ నవ్వు గుచ్చుకున్నది నాకే. విమానంలో పక్కసీటు పెద్దావిడ పేరడిగితే, రూతు నా ముఖం చూసి, "నాన్నా, పేరు చెప్పొచ్చా?" అంది.

అద్దె కారులో గంటన్నర డ్రైవ్ చేసి మోటెల్ చేరాం. దాని యజమాని గుజరాతీ పెద్దాయన. మధ్యాహ్నమయ్యాక లోయలో ఉండొద్దని, పైన వాన పడితే కింద ఎండలోనే వరద వస్తుందని చెప్పాడు. వెళ్లేవాళ్లు ఆ మాట నాకంటే బాగా వినండి.

మర్నాడు ఎనిమిదింటికి లోయలోకి నడిచాం. పన్నెండయినా పిట్ట జాడ లేదు. తిరిగి రావలసింది, రాలేదు. ఒంటిగంటకు వాగు అవతల కూత వినిపించింది. రూతును ఇవతల బండ మీద కూర్చోబెట్టి, రాళ్ల మీదుగా అవతలికి వెళ్లాను. పైన్ చెట్టు కొమ్మ మీద పిట్ట దొరికింది. బైనాక్యులర్స్ దించలేదు.

ఉరిమింది. వెనక్కి చూస్తే వాగులో ఎర్రనీళ్లు. రూతు లేచి నిలబడింది.

"దాటకు!" అని అరిచాను.

వద్దన్న అర్థమంతా ఆ చివరి అక్షరంలోనే ఉంది. దాన్ని ఉరుము మింగేసింది. స్టాప్ అంటే సరిపోయేది. ఆ క్షణంలో కూడా నా పట్టు వదల్లేదు, మళ్లీ తెలుగులోనే అరిచాను. రూతు తనకు వినబడినట్టే నీళ్లలోకి దిగింది.

నడుం దాకా మునిగి ఒక బండను కౌగిలించుకుంది. నేను దూకి, చొక్కా పట్టుకుని, అవతలి గట్టుకే లాక్కెళ్లాను. ఆ వెనకే పెద్ద నీరు దుంగలతో సహా వచ్చింది. బండ కనబడలేదు.

నీరు తీసేదాకా మూడు గంటలు ఆ గట్టు మీదే ఉన్నాం. పైన ఉరిమినప్పుడల్లా దాన్ని ఇంకాస్త పైకి ఎత్తుకెళ్లాను. దాని పళ్లు టకటకమంటున్నాయి.

"నువ్వు దాటు అన్నావ్ కదా నాన్నా. నేను వచ్చా."



అందమైన కొండలే అవి. నేను మాత్రం మళ్లీ అటు వెళ్లలేదు. మర్నాడు సాయంత్రం నెవార్క్‌కు నా భార్య సుగుణ కారు తెచ్చింది. డ్రైవ్ చేస్తూ, పిట్ట కనబడిందా అని అడిగింది.

"కనబడింది మమ్మీ," అంది రూతు. "నాన్న చాలాసేపు చూశాడు."

కారు పక్కకు ఆపమని, మిగతాది నేనే చెప్పాను.