గోడ గడియారానికి పద్దెనిమిది ఓట్లు

గూడూరు దగ్గర మా రొయ్యల పరీక్షల ల్యాబులో ఉన్నది ఏడుగురం. అభిప్రాయాలు మాత్రం ఏడు వేలు. వాటన్నిటినీ ఒకచోట చేర్చాలని చెన్నైలో కూర్చునే మేనేజరుగారికి బుద్ధి పుట్టి, మా కంప్యూటర్లలోకి ఒక తెల్లబోర్డు పంపించారు. ఎంత బోర్డంటే, పక్కకి జరుపుకుంటూ పోతే బంగాళాఖాతం దాటి అండమాన్ తగలాల్సిందే గాని తెలుపు అయిపోదు. ఎవరి కంప్యూటర్లోంచి వాళ్ళు దాని మీద పసుపు చీటీలు అంటించవచ్చు. ఎవరి మౌసు బాణం ఎక్కడ తిరుగుతోందో పేరుతో సహా అందరికీ కనిపిస్తుంది.

ల్యాబులో పని సుఖంగా సాగడానికి ఏం కావాలో తలా ఒక చీటీ రాయమన్నారు. ఓట్లుగా తలా మూడు ఎర్రచుక్కలు ఇచ్చారు. ఎక్కువ చుక్కలు పడ్డ ఒక్క కోరికే తీరుస్తారట.

నిజంగా అవసరం ఉన్నది ఒక్కరికే. నీళ్ళ శాంపిళ్ళు చూసే అమ్మాయిది మనుబోలు దగ్గర పల్లె. నెల్లూరు నుంచి వచ్చే మా వ్యాను హైవే మీదే ఆగుతుంది. ఇంటి నుంచి అక్కడికి ఆమెకు మూడు కిలోమీటర్ల నడక. వ్యాను తరచూ అందేది కాదు. ఇలాగైతే ఈ నెలతో మానేస్తానని భోజనాల దగ్గర నాతో అంది. చీటీలో మాత్రం వ్యాను పల్లెలోకి వస్తే బాగుంటుందని చీమ తలకాయంత అక్షరాలతో రాసి, బోర్డు అడుగున ఒక మూలకు అంటించింది.

మాలో పెద్దాయన గోడ గడియారం అడిగారు. పెద్దాయన చీటీ బోసిగా ఉంటే మర్యాదేనా? పెళ్ళిలో అక్షింతల్లా రాలాయి చుక్కలు. గడియారానికి పద్దెనిమిది. అందులో మూడు ఆ అమ్మాయివే. పెద్దాయన తన చీటీకి తాను వేసుకోలేక, తన మూడు చుక్కలూ నా చీటీకి వేశారు. నేను అడిగింది మెత్తటి కుర్చీ.

మేనేజరు వీడియో కాల్లో ఫలితం ప్రకటించబోతుండగా నేను ఆ మూల చీటీ అంచు పట్టుకుని లాగాను. అది దోసంతై, చాపంతై, వలంతై, గడియారాన్నీ నా కుర్చీనీ మింగి బోర్డంతా కప్పేసింది. వేలు జారిందని అప్పుడు చెప్పాను. జారలేదు.

ఇదెవరిదని మేనేజరు అడిగారు.

“నాదే సార్,” అంది ఆ అమ్మాయి. “దినామూ మూడు కిలోమీటర్లు నడిచొస్తా ఉండా. ఇంక నా వల్ల కాదు సార్.”

“ఈ మాట నాకెవురూ చెప్పలేదేంది?” అన్నారు పెద్దాయన. “టైము చూసుకోను చేతికి వాచీ ఉండాది గదా. ఆ కుర్చీ మీద నేను పెట్టిన మూడూ తీసి ఈ పాపకు పెట్టండయ్యా.”

చీటీని కుదించి చుక్కలు బయటపడేశాను. పెద్దాయన చుక్కలు కదిలాక ఇంకెవరివి ఆగుతాయి? చేపల గుంపు మలుపు తిరిగినట్టు ఇరవై ఒక్క చుక్కలూ పల్లెదారి పట్టాయి. నా కుర్చీకి ఒక్కటి మిగల్లేదు.

సోమవారం నుంచి వ్యాను పల్లెలోకి పోతోంది. అందుకని నెల్లూరు వాళ్ళం పదిహేను నిమిషాలు ముందు లేవాలి. కోడి కంటే ముందు లేచానని, నా ఆయుష్షులో సగం తగ్గిందని మొదటి రోజు నేను చేసిన రభస వ్యాను హారన్ని మించింది.

ఆ అమ్మాయి ఎక్కుతూనే ఒక ఇడ్లీ పొట్లం నా చేతిలో పెట్టింది.

“ఈరోజు వండుకోను తీరిక దొరికిందన్నా. తిని, కాసేపు ఊరుకో.”

ఊరుకున్నాను.